తొలి ఓడ ప్రయాణం: డెక్ ప్లాన్ నుంచి కస్టమ్స్ హాలు దాకా

ఉదయం ఆరు గంటల ప్రాంతంలో ఓడ సింగపూర్ మరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో గట్టుకి చేరుతుంది. సాయంత్రం ఐదుకి మళ్లీ బయల్దేరాలి. ఈ పదకొండు గంటల్లో మూడు వేల పైచిలుకు మంది దిగాలి, మరో మూడు వేల మంది ఎక్కాలి. వాళ్ల పెట్టెలు దిగాలి, వీళ్ల పెట్టెలు ఎక్కాలి. పదిహేను వందలకి పైగా గదుల్లో దుప్పట్లు మారాలి, వంటశాలకి బియ్యం, పాలు, కూరలు చేరాలి. ఓడవాళ్లు దీన్ని టర్న్‌అరౌండ్ డే అంటారు. మొదటిసారి క్రూయిజ్ ఎక్కేవాళ్లకి చెప్పే జాగ్రత్తల్లో సగానికి సగం ఈ ఒక్క రోజు పనిలోంచి వచ్చినవే. మధ్యాహ్నం దాకా గది ఎందుకు ఇవ్వరో, ఆఖరి రాత్రి పెట్టె గుమ్మం బయట ఎందుకు పెట్టమంటారో, ఆ పని తెలిస్తే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగొచ్చే నాలుగు రాత్రుల ప్రయాణం మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఎంచుకునే వాటిలో ఒకటి. దాన్నే మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని వెళ్దాం.

ముందు ఎంచుకోవలసింది సముద్రాన్ని. ఓడ సంగతి ఆ తర్వాత. మలక్కా జలసంధికి ఒక పక్క సుమత్రా, ఇంకో పక్క మలయా ద్వీపకల్పం అడ్డుగా ఉండటంతో మహాసముద్రపు పెద్ద అల లోపలికి రాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లు నెమ్మదిగానే ఉంటాయి. కడుపులో తిప్పుతుందేమోనన్న భయం ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి మొదటి దారి దగ్గర్లో లేదు. మన తీరంలోనూ అవకాశం ఉంది. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే ఓడ విశాఖ నుంచి చెన్నైకి ప్రయాణికులతో తిరిగింది. 2023లో విశాఖ రేవులో క్రూయిజ్ ఓడల కోసమే ఒక టెర్మినల్ ప్రారంభమైంది. దేశంలోపలి ప్రయాణం కాబట్టి వీసాల పని ఉండదు. అయితే జూన్, జూలైల్లో నైరుతి రుతుపవనాల గాలికి బంగాళాఖాతం కాస్త లేస్తుంది. అది తెలిసి ఎక్కాలి.

తర్వాత ఖర్చు లెక్క. నాలుగు రాత్రులకి ఇద్దరు పంచుకునే లోపలి గది, అంటే కిటికీ లేనిది, కాలాన్ని బట్టి తలకు సుమారు 35 వేల నుంచి 60 వేల రూపాయల మధ్య దొరుకుతుంది. బడి సెలవుల్లో, డిసెంబరు ఆఖరి వారంలో ధర ఇంకా పెరుగుతుంది. ఇందులో గది, మూడు పూటలా భోజనం, థియేటర్‌లో ప్రదర్శనలు, ఈత కొలను కలిసి ఉంటాయి. కూల్‌డ్రింకులు, మద్యం, ఇంటర్నెట్, మసాజ్, రేవుల్లో చూపించే టూర్లు విడిగా కట్టాలి. పోర్టు రుసుములు ధరలో కలిపారో లేదో చెల్లింపు పేజీ చివరిదాకా చదివి చూసుకోవాలి. గ్రాట్యుటీ అని సిబ్బందికి ఇచ్చే మొత్తాన్ని కంపెనీయే రోజువారీగా వేస్తుంది. చాలా కంపెనీల్లో ఇది తలకు రోజుకి 16 నుంచి 20 అమెరికన్ డాలర్ల దాకా ఉంటుంది. ఆ లెక్కన ఇద్దరికి నాలుగు రాత్రులకి 128 నుంచి 160 డాలర్లు. ఒంటరిగా వెళ్లేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ధరలన్నీ గదికి ఇద్దరు అనే లెక్క మీద కట్టినవి. ఒక్కరే తీసుకుంటే దాదాపు ఇద్దరి ఛార్జీ పడుతుంది.

ఇక గది. డెక్ ప్లాన్ ముందేసుకుని కూర్చునే గంటలో పెట్టిన శ్రద్ధ ప్రయాణం పొడుగునా పనికొస్తుంది. డెక్ అంటే అంతస్తు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక్కో డెక్‌కి ఒక్కో పటం, అందులో ప్రతి గదికీ నంబరు ఉంటాయి. ఓడకి ప్రధానంగా రెండు రకాల ఊపు ఉంటుంది. ముక్కు పైకీ కిందకీ లేచిపడటాన్ని పిచింగ్ అంటారు, పక్కలకి ఒరగటాన్ని రోలింగ్ అంటారు. పిచింగ్ ముందు కొసలో, వెనుక కొసలో ఎక్కువగా తెలుస్తుంది, నడిమధ్యలో తక్కువ. రోలింగ్ పై అంతస్తుల్లో ఎక్కువ, నీటి మట్టానికి దగ్గరయ్యే కొద్దీ తక్కువ. ఒరుగుని తగ్గించడానికి ఓడ అడుగున రెండు వైపులా చేప రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. సముద్రం కదిలినప్పుడు వాటిని బయటికి చాపుతారు. అవి పక్క ఊపుని చాలావరకు అణుస్తాయి కానీ ముక్కు లేచిపడటాన్ని ఆపలేవు. కాబట్టి ఊపు పడనివాళ్లు ఓడ నడుమ, కింది డెక్ మీద గది తీసుకోవాలి. పైగా ఆ గదులే తరచూ చవక.

ఊపు తర్వాత చూడవలసింది చప్పుడు. ఈత కొలను ఉన్న డెక్‌కి సరిగ్గా కింద గది వస్తే, తెల్లవారుజామున కుర్చీలు సర్దే శబ్దం నెత్తి మీదే వినిపిస్తుంది. థియేటర్‌కి పైన వస్తే రాత్రి పదకొండు దాకా డ్రమ్ముల దరువు. మరీ ముందుకి వస్తే లంగరు వేసే పొద్దున గొలుసు దిగే చప్పుడుకి మంచం అదురుతుంది. అందుకని గదికి పైన ఏముంది, కింద ఏముంది అని రెండు డెక్‌ల పటాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. పైనా గదులే, కిందా గదులే ఉన్నచోటు నిశ్చింత. రెండు గదుల మధ్య తలుపున్నవాటిని కనెక్టింగ్ అంటారు. పెద్ద కుటుంబానికి అవి చాలా బాగుంటాయి. అటు ఎవరో కొత్తవాళ్లు ఉంటే మాత్రం వాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. గ్యారంటీ గది అని చవగ్గా అమ్మేదాంట్లో గది నంబరు కంపెనీయే ఇస్తుంది, మనం ఎంచుకున్న ఈ లెక్కంతా అక్కడ పోతుంది. బాల్కనీ తీసుకోవాలా అని అందరూ అడుగుతారు. తిరిగే వయసులో ఉన్నవాళ్లకి నాలుగు రాత్రులకి లోపలి గది చాలు. పైడెక్ మీద సముద్రం అందరిదీ. మోకాళ్ల నొప్పులతో అమ్మానాన్నలు వస్తుంటే మాత్రం బాల్కనీకి పెట్టే డబ్బు వృథా కాదు, వాళ్లు అక్కడే కూర్చుని రోజంతా నీళ్లు చూస్తారు.

కాగితాల పని కనీసం నెలన్నర ముందు మొదలుపెట్టాలి. పాస్‌పోర్టుకి ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సింగపూర్ వీసా రుసుము 30 సింగపూర్ డాలర్లు, దరఖాస్తు అధీకృత ఏజెంటు ద్వారా వేయాలి, ఏజెంటు ఛార్జీ వేరు. వీసా చేతికి రాగానే దాని మీద ఎన్ని ప్రవేశాలకి అనుమతి ఉందో చూడాలి. విమానంలో వచ్చి సింగపూర్‌లో దిగటం ఒక ప్రవేశం, ఓడ దిగి మళ్లీ సింగపూర్‌లోకి రావటం రెండోది. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో ఓడ ఎక్కనివ్వరు. సింగపూర్ అరైవల్ కార్డు అనే ఆన్‌లైన్ ఫారం కూడా రెండుసార్లూ నింపాలి, చేరే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు. మలేషియా, థాయిలాండ్‌ల వీసా మినహాయింపుల గడువులు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు ఒకసారి, బయల్దేరే వారంలో ఇంకోసారి ఓడ కంపెనీ పేజీలో చూసుకోవాలి. 24 వారాల గర్భం దాటినవాళ్లని, ఆరు నెలలు నిండని పసిపిల్లలని చాలా కంపెనీలు ఎక్కించుకోవు. ఓడలో డాక్టరు ఉంటారు, ఫీజు మాత్రం ఎక్కువ. అవసరమైతే ఓడ నుంచి ఒడ్డుకి తరలించే ఖర్చు కూడా భరించే ప్రయాణ బీమా తీసుకోవాలి.

ప్రయాణానికి కొన్ని వారాల ముందు ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరుస్తారు. పాస్‌పోర్టు వివరాలు, ముఖం ఫోటో, ఓడలో ఖర్చులకి వాడే క్రెడిట్ కార్డు అందులో ఇవ్వాలి. టెర్మినల్‌కి ఎన్నింటికి రావాలో సమయం ఎంచుకునేదీ అక్కడే. శాకాహారం, జైన భోజనం కావాలంటే ఇప్పుడే రాయాలి, ఎక్కాక అడిగితే వంటవాళ్లకి సరుకు ఉండకపోవచ్చు. చెక్-ఇన్ పూర్తయ్యాక లగేజీ ట్యాగులు వస్తాయి. వాటి మీద పేరు, డెక్, గది నంబరు ఉంటాయి. రంగుల్లో ప్రింటు తీసి, గీతల వెంట మడిచి, పెట్టె పిడికి చుట్టి, నాలుగు స్టేపుల్ పిన్నులు కొట్టాలి. మామూలు కాగితం వానకి నానుతుంది, అంచుకి చిరుగుతుంది. మీద పారదర్శక టేపు చుడితే ఆ బెడద ఉండదు. ఆ పెట్టె నాలుగైదు చేతులు మారి గది గుమ్మానికి చేరేదాకా దాని ఆనవాలు ఆ కాగితమే.

సామాను రెండు భాగాలుగా సర్దాలి. పెద్ద పెట్టె టెర్మినల్ గుమ్మంలోనే పోర్టర్ల చేతికి వెళ్లిపోతుంది, మళ్లీ కనిపించేది సాయంత్రానికి. కొన్నిసార్లు రాత్రి భోజనం వేళ అవుతుంది. అందుకని పాస్‌పోర్టు, మందులు, డబ్బు, ఫోను ఛార్జరు, ఈత బట్టలు, పిల్లలకి ఒక జత చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో ఇస్త్రీ పెట్టె, కెటిల్, రైస్ కుక్కర్, కొవ్వొత్తులు, అగరబత్తీలు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టకూడదు. సముద్రం మధ్యలో ఓడకి అన్నిటికంటే పెద్ద ప్రమాదం నిప్పు. ఎక్స్‌రేలో ఇవి కనిపిస్తే పెట్టె గదికి రాదు, సెక్యూరిటీ గదికి వెళ్లి మనం సంతకం పెట్టి విడిపించుకోవాలి. ఇంట్లో వండిన తిండి చాలా ఓడలు అనుమతించవు. ఆవకాయ లేకపోతే ముద్ద దిగని పెద్దవాళ్లకి ఫ్యాక్టరీ సీలు తీయని చిన్న ప్యాకెట్లు, సీలు వేసిన కందిపొడి పొట్లాలు తీసుకుంటే సాధారణంగా అడ్డు చెప్పరు. ఇంకో చిన్న వస్తువు, అయస్కాంతపు కొక్కాలు. గది గోడలు ఉక్కువి కాబట్టి అతుక్కుంటాయి, తడి బట్టలకి, టోపీలకి ఇరుకు బాత్రూమ్‌లో చోటు వెతుక్కోనక్కర్లేదు.

ఓడ బయల్దేరే రోజు పొద్దున విమానం దిగి సాయంత్రం ఎక్కేద్దామనుకోకూడదు. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి విమానం నాలుగున్నర గంటలు, పైగా అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి రేవు ఇంకో దేశంలో ఉంటుంది. ఒక రాత్రి హోటల్ ఖర్చు పెట్టి ముందురోజే చేరటం మంచిది. చాంగీ విమానాశ్రయం నుంచి క్రూయిజ్ సెంటర్‌కి టాక్సీలో అరగంట లోపే. మెట్రోలో వచ్చేవాళ్లు మరీనా సౌత్ పియర్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడవాలి. పెట్టెలతో ఆ ఎండలో నడవటం కంటే టాక్సీయే నయం.

టెర్మినల్‌లో పని వరుసగా సాగుతుంది. పెట్టె అప్పగింత, చేతి సంచికి ఎక్స్‌రే, చెక్-ఇన్ కౌంటరు, ఇమ్మిగ్రేషన్, ఆ తర్వాత గ్యాంగ్‌వే, అంటే గట్టు నుంచి ఓడలోకి వేసిన నడక వంతెన. 2012లో మొదలైన ఈ టెర్మినల్‌ని ఒకేసారి 6,800 మంది ప్రయాణికులని పంపేలా కట్టారు, అయినా మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా వరుసలు పొడవుగానే ఉంటాయి. కౌంటరులో ఇచ్చే ప్లాస్టిక్ కార్డు గది తాళం, డబ్బు, గుర్తింపు, మూడూ అదే. మన ఫోటో కంప్యూటర్‌లో ఉంటుంది. ఎక్కిన ప్రతిసారీ దిగిన ప్రతిసారీ కార్డు గీస్తారు, ఓడలో ఎవరున్నారో ఎవరు లేరో ఆ లెక్కే చెబుతుంది. కార్డు మీద మస్టర్ స్టేషన్ అని ఒక అక్షరం, అంకె ఉంటాయి. దాని సంగతి కాసేపట్లో.

మనం వరుసలో ఉన్న అదే వేళకి ఓడకి అటు పక్క అసలు బరువు పని నడుస్తుంటుంది. నీటి మట్టానికి కాస్త పైన ఓడ పక్కకి పెద్ద తలుపులు తెరుచుకుంటాయి. ఫోర్క్‌లిఫ్టులు చెక్క ప్యాలెట్ల మీద సరుకు లోపలికి నెడుతుంటాయి. పాలు, చేపలు, మాంసం ముందు వెళ్తాయి, ఎండలో ఆగకూడదు. స్టోర్ కీపర్ ఒక్కో పెట్టెకి థర్మామీటర్ పెట్టి చూస్తాడు. చల్లగా ఉండవలసింది 5 డిగ్రీలకి మించి వస్తే వెనక్కి పంపేస్తాడు. గడ్డకట్టిన సరుకు మైనస్ 18 డిగ్రీల గదులకి పోతుంది. నాలుగు రాత్రులకి సరిపడా లెక్క ముందే కట్టి ఉంటుంది, మధ్యలో అయిపోతే సముద్రంలో కొనడానికి అంగడి లేదు. పక్క తలుపులోంచి మన పెట్టెలు ఇనప బోనుల్లో లోపలికి వెళ్తాయి. అక్కడ డెక్ వారీగా విడదీసి, సర్వీసు లిఫ్టుల్లో పైకి పంపి, నడవాల వెంట ఒక్కొక్కటీ గుమ్మం ముందు దించుతారు. మూడు వేల మందికి కనీసం మూడు నాలుగు వేల పెట్టెలు. చిరిగిన ట్యాగున్న పెట్టె ఈ వరుసలోంచి పక్కకి తప్పుకుంటుంది.

ఈలోపు గదుల్లో స్టీవార్డులు ఉంటారు. స్టీవార్డ్ అంటే మన గది చూసుకునే మనిషి. ఒక్కొక్కరికి సుమారు 15 నుంచి 20 గదులు. పాతవాళ్లు తొమ్మిదిన్నరకి వదిలితే కొత్తవాళ్లకి ఒంటిగంటకి తలుపు తెరవాలి. ఆ మూడున్నర గంటల్ని 18 గదులకి పంచితే గదికి 12 నిమిషాలు కూడా రావు. అందుకే స్టీవార్డ్ ఒక గది ముగించి ఇంకో గదికి వెళ్లడు. ముందు తన గదులన్నిటి తలుపులూ తెరిచి, అన్ని మంచాల దుప్పట్లూ ఒక్క ఊపులో లాగి సంచుల్లో వేసి లాండ్రీకి పంపేస్తాడు. తర్వాత బాత్రూమ్‌లో మందు చల్లి వదిలేస్తాడు, అది క్రిముల మీద పనిచేయడానికి కొన్ని నిమిషాలు తడిగా ఉండాలి. ఆ నిమిషాల్లోనే మంచం వేస్తాడు. దుప్పటి ఒకేసారి విసురుతాడు, నడిమి మడత సరిగ్గా పరుపు మధ్యలో పడుతుంది. కాళ్లవైపు మూల ఎత్తి, పక్కకి మడిచి, అరచేతి అంచుతో పరుపు కిందకి తోస్తాడు. నాలుగు మూలలకీ నాలుగు తోపులు, ముడత ఉండదు. మంచం చుట్టూ రెండోసారి తిరగడు. తర్వాత బాత్రూమ్ తుడుపు పైనుంచి కిందకి, అద్దం నుంచి నేల దాకా, కమోడ్‌కి వాడిన గుడ్డ వేరే రంగుది, దాన్ని ఇంకెక్కడా తాకించడు. ఆఖర్న సొరుగులు, లాకరు, మంచం కింద, టీవీ రిమోట్, తలుపు పిడి. గదిలో లైఫ్‌జాకెట్లు ఉంచే ఓడల్లో వాటిని లెక్కపెట్టి చూస్తాడు, చిన్నపిల్లలు వస్తుంటే చిన్న సైజు తెచ్చి పెడతాడు. సూపర్‌వైజరు వచ్చి చూసి వెళ్లాకే ఆ గది తయారైనట్టు. పదకొండున్నరకి ఓడ ఎక్కిన కొత్తవాళ్లు చేతి సంచితో నేరుగా నడవాలోకి వెళ్లకూడదు. తుడిచిన నేల మీద అడుగు పడితే ఆ మనిషి పని మళ్లీ మొదటికొస్తుంది.

గది వచ్చేదాకా భోజనం చేసేయాలి. పైడెక్ మీద బఫే కిటకిటలాడుతుంటుంది, కిందనుండే ప్రధాన భోజనశాల ఆ పూట తెరిచి ఉంటే అక్కడ చోటు సులువుగా దొరుకుతుంది. తినేముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. గుమ్మంలో శానిటైజర్ ఉంటుంది, కానీ ఓడల్లో వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు, సబ్బు నీళ్లే కడిగేస్తాయి. ఓడ వంటశాలని గ్యాలీ అంటారు. ఓడలకి అమెరికా ప్రజారోగ్య విభాగం పెట్టిన ప్రమాణం ప్రకారం వేడి పదార్థం 57 డిగ్రీలకి తగ్గకూడదు, చల్లటిది 5 డిగ్రీలకి మించకూడదు, పళ్లాలు కడిగే యంత్రంలో ఆఖరి నీళ్లు 82 డిగ్రీల వేడి ఉండాలి. బఫే వెనక నిలబడ్డ వంటవాడు జేబులోంచి సూది థర్మామీటర్ తీసి పప్పులో గుచ్చి చూడటం గమనించండి. ఆ అంకె కాగితం మీద రాసుకుంటాడు. వడ్డన గరిటెలు తరచూ మారుస్తాడు. ఇంతమంది కలిసి తినేచోట ఎవరికీ కడుపు చెడకపోవటం వెనక ఆ చిన్న సూది ఉంది.

సాయంత్రం బయల్దేరేలోపు మస్టర్ డ్రిల్. ప్రమాదం వస్తే ఎక్కడ గుమికూడాలో అభ్యాసం చేయించడం. 1912లో టైటానిక్ మునిగాక 1914లో సముద్ర భద్రతకి అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. అందులో ఈ డ్రిల్ నిబంధన చాలాకాలం, ఎక్కిన 24 గంటల్లోపు చేయిస్తే చాలన్నట్టే ఉండేది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాళ్లకి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అదే సాయంత్రం ఎక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్ జరగనే లేదు. 2015 నుంచి, ఓడ కదిలే ముందో కదిలిన వెంటనేనో డ్రిల్ జరిగి తీరాలని మార్చారు. కార్డు మీదున్న అక్షరం ఆ గుమికూడే చోటుది. గది నుంచి అక్కడికి లిఫ్టు ఎక్కకుండా, మెట్ల మీద, పిల్లలతో సహా ఒకసారి నడిచి వెళ్లాలి. ఎన్ని మలుపులో, తలుపు ఎటు తెరుచుకుంటుందో కాళ్లకి తెలియాలి. ఏడు చిన్న కూతలు, ఒక పొడవాటి కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం. ఈ అరగంటని ఫోటోలు చూసుకుంటూ గడిపేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. లైఫ్‌బోటు దించే సిబ్బంది తమ పనిని ప్రతి వారం అభ్యాసం చేస్తారు. మన వంతు ఈ ఒక్కసారే.

ఐదుకి తాళ్లు విప్పుతారు. గట్టు మీది మనుషులు కొక్కేల నుంచి తాడు తీస్తే ఓడ మీది యంత్రాలు చుట్టుకుంటాయి. ముక్కు దగ్గర అడ్డంగా అమర్చిన థ్రస్టర్లు, అంటే పక్కకి తోసే ప్రొపెల్లర్లు, ఓడని గట్టుకి దూరంగా జరుపుతాయి. కెప్టెన్ పక్కన పైలట్ నిలబడి ఉంటాడు, ఈ రేవు నీళ్లు తెలిసిన స్థానిక నావికుడు. రేవు దాటాక చిన్న పడవ ఓడ పక్కకి వచ్చి అదే వేగంతో నడుస్తుంది. పైలట్ ఓడ పక్కన వేలాడే నిచ్చెన దిగి అందులోకి అడుగు పెడతాడు. కింది డెక్ రెయిలింగ్ దగ్గర నిలబడితే ఆ అడుగు కనిపిస్తుంది, చూసి తీరాలి. ఇదే సమయంలో ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయాలి. ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కి ఫోను తనంతట తానే అతుక్కుంటే మామూలు రోమింగ్ ప్యాకులు దానికి వర్తించవు, బిల్లు వేలల్లో వస్తుంది.

పెనాంగ్ సుమారు 700 కిలోమీటర్లు. 18 నాట్ల వేగంతో, అంటే గంటకి 33 కిలోమీటర్ల చొప్పున 20 గంటలకి పైగా పడుతుంది. ఊపు మందు వేసుకోవాలంటే తిప్పడం మొదలయ్యాక కాదు, కనీసం గంట ముందు వేసుకోవాలి. ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది ఊర్లోనే డాక్టర్ని అడిగి తెచ్చుకోవాలి, చాలా మాత్రలు మగతగా ఉంచుతాయి. ఖాళీ కడుపు ఇంకా తిప్పుతుంది, కాస్త అన్నమో రొట్టో తినాలి, అల్లం ముక్క బుగ్గన పెట్టుకోవాలి. గదిలో ఫోను చూస్తూ పడుకోకుండా డెక్ నడిమికి వచ్చి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత మీద చూపు నిలపాలి. చెవిలోని తూకానికి, కంటికి కుదరనప్పుడే కడుపు తిరుగుతుంది. ఆ గీత రెంటినీ కలుపుతుంది.

పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌కి, ఊరి నడిబొడ్డుకే కట్టుకుంటుంది. టూర్ కొనక్కర్లేదు, గేటు దాటితే జార్జ్ టౌన్. 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఊరు. పావుగంట నడిస్తే లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో 1833లో కట్టిన మహామారియమ్మ గుడి, ఇడ్లీ దోసెల హోటళ్లు. దిగేటప్పుడు ఓడ కార్డు, ఒక గుర్తింపు కార్డు, నీళ్ల సీసా, గొడుగు చాలు. ఓడలోంచి పళ్లు, వండిన తిండి ఒడ్డుకి తీసుకెళ్లకూడదు, రేవు అధికారులు జరిమానా వేస్తారు.

ఫుకెట్ పని వేరు. పటాంగ్ తీరం ఎదుట ఓడ లంగరు వేసి ఆగుతుంది, ఒడ్డుకి టెండర్ అనే చిన్న పడవల్లో వెళ్లాలి. పొద్దున్నే టోకెన్లు ఇస్తారు, తొందర లేనివాళ్లు మొదటి గంట వదిలేసి తర్వాత వెళ్తే వరుస ఉండదు. పడవకీ ఓడకీ మధ్య అడుగు వేసేటప్పుడు నావికుడు మోచేయి పట్టుకుంటాడు, అతను చెప్పిన క్షణంలోనే అడుగు వేయాలి, అల పైకి వచ్చే క్షణం అతనికి తెలుసు. నడవలేని పెద్దవాళ్లని ఇక్కడ దింపడం కష్టం. ఇంకొకటి, థాయిలాండ్ కాలం సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డున ఫోను నెట్‌వర్క్ పట్టుకోగానే గంట వెనక్కి తిరుగుతుంది. ఓడ సింగపూర్ కాలమే పాటిస్తుంటే, ఆఖరి పడవ ఏడింటికి అన్నది మన ఫోనులో ఆరు. అందుకే దిగే ముందు గ్యాంగ్‌వే దగ్గరున్న గడియారం చూసి, చేతి గడియారం దాంతో కలుపుకోవాలి. ఫోను నమ్ముకుని ఒడ్డున ఉండిపోయేవాళ్లుంటారు, వాళ్లు సొంత ఖర్చుతో విమానంలో సింగపూర్ చేరాలి.

నాలుగో రోజంతా సముద్రమే. ఈత కొలను పక్క కుర్చీలు పొద్దున తొమ్మిదికే నిండుతాయి, నీడ కావాలంటే ఎనిమిదికి వెళ్లాలి. స్నానానికి వచ్చే నీళ్లలో చాలా భాగం ఓడ తీరానికి దూరంగా వచ్చాక సముద్రం నుంచి తయారుచేసుకున్నవే, కొంత ఆవిరి పట్టి, కొంత రివర్స్ ఆస్మోసిస్ పొరల గుండా తోసి. టాయిలెట్ నీటితో కాక గాలి పీడనంతో లాగుతుంది, సన్నటి గొట్టాలు. అందులో ఓడ ఇచ్చే కాగితం తప్ప ఇంకేది వేసినా ఆ వరుస గదులన్నిటికీ ఆగిపోతుంది, బేబీ వైప్స్ అసలే వద్దు. ఈ రోజే గది టీవీలో బిల్లు చూసుకోవాలి. కొనని కాఫీ, తీసుకోని ఫోటో ఏదైనా పడితే ఇప్పుడు గెస్ట్ సర్వీసెస్ దగ్గర నిదానంగా సరిచేస్తారు, రేపు పొద్దున అక్కడ వంద మంది ఉంటారు.

ఆఖరి రాత్రి స్టీవార్డ్ రంగు ట్యాగులు ఇస్తాడు. దిగే వరుసని ఆ రంగే చెబుతుంది. పెట్టెకి కట్టి రాత్రి పదకొండులోపు గుమ్మం బయట పెట్టాలి. అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపు సిబ్బంది వేల పెట్టెల్ని కింది డెక్‌కి దించి రంగుల వారీగా పేర్చాలి, ఓడ కట్టుకోగానే బయటికి పంపాలి. పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టు, మందులు పెట్టెలో పెట్టేయకుండా విడిగా తీసి ఉంచుకోవాలి. స్టీవార్డ్‌కి చేతికి ఏమైనా ఇవ్వాలనుకుంటే ఈ రాత్రే ఇవ్వాలి. పేరు రాసి, రెండు మాటలు థాంక్స్ రాసి కవరులో పెట్టి ఇస్తే ఇంకా బాగుంటుంది. మర్నాడు పొద్దున అతనికి మనతో మాట్లాడే తీరిక ఉండదు.

ఐదో రోజు పొద్దున ఏడు నుంచి రంగుల వారీగా పిలుస్తారు. బరువు మోయగలిగినవాళ్లు రాత్రి పెట్టె బయట పెట్టకుండా తమ సామాను తామే పట్టుకుని అందరికంటే ముందు దిగొచ్చు. మిగతావాళ్లు తొమ్మిదిన్నరలోపు గది వదిలి, టిఫిన్ చేసి, పైడెక్ మీదో లాంజ్‌లోనో కూర్చోవాలి, లిఫ్టుల దగ్గర కాదు. కార్డు ఆఖరిసారి గీశాక ఇమ్మిగ్రేషన్, తర్వాత పెద్ద హాల్లో రంగుల గుర్తుల కింద పెట్టెలు. తిరుగు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతది తీసుకుంటే ఈ పనులన్నీ పరుగు లేకుండా అవుతాయి. పెట్టె కనిపించకపోయినా, చక్రం విరిగినా, పిడి ఊడినా హాలు దాటకముందే అక్కడున్న ఓడ సిబ్బందికి చూపించి కాగితం రాయించుకోవాలి. కస్టమ్స్ గేటు దాటి బయటికొచ్చాక ఆ ఫిర్యాదు తీసుకోరు.